లైటు ఆర్పడానికి 18 వేలు

"బ్రేకు పడ్తాంది కదా సార్, ఇంక లైటుతో మీకేం పని?"

నా కారులో వెలిగి ఆరని ఒక హెచ్చరిక లైటు గురించి ఐదు నెలల్లో ఈ మాట నాతో నలుగురు అన్నారు. అందులో ఒకరు మా బావ. ఆయన సంగతి వదిలేయండి, ఆయన స్కూటర్‌కు వెనక బ్రేకు పోయి రెండేళ్లయింది, ఇప్పటికీ కాలు నేలకు రాసే ఆపుతాడు. మిగతా ముగ్గురూ డబ్బులు తీసుకుని బండ్లు బాగుచేసేవాళ్లు. నా కోపమంతా వాళ్లమీదే.

కడపలో నాది ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే చిన్న కొట్టు. రెండేళ్ల కిందట బెంగళూరులో ఒకాయన దగ్గర 2006 మోడల్ స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండు డోర్లు, రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు. యూరప్ బండి. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ కథలో బండి తప్పేమీ లేదు. ఇంటికి తెచ్చిన రోజు మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సంసారం యాడ కూర్చోవాలరా దీంట్లో?" అని అడిగి లోపలికి పోయినాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

డిసెంబర్‌లో ముందు కుడి చక్రం దగ్గర గుయ్యిమని శబ్దం మొదలైంది. స్పీడు పెరిగేకొద్దీ ఎక్కువయ్యేది. బేరింగ్ పోయిందన్నారు. టౌన్‌లోనే కాస్త పేరున్న షెడ్డులో మార్పించాను. శబ్దం పోయింది. మర్నాడు పొద్దున బండి తీసి ఏడురోడ్ల కూడలి దాటానో లేదో, మీటర్ బోర్డులో రెండు పసుపు లైట్లు వెలిగాయి. ఒకటి, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ది, ఇంకోటి, బండి పట్టు తప్పకుండా చూసే ఏర్పాటుది, జారిపోతున్న కారు బొమ్మ.

నిన్న బేరింగ్ మార్చారు, ఈరోజు లైటు వెలిగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. పాత బండి కదా, ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాను. షెడ్డువాళ్లకూ తట్టలేదు. నా సంగతి సరే, బేరింగ్ వేసింది వాళ్ల చేతులే కదా!

మళ్లీ అక్కడికే పోయాను. ఒక అబ్బాయి ట్యాబ్ లాంటి స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద గుచ్చాడు. ముందు కుడి వీల్ స్పీడ్ సెన్సార్, అంటే చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది, దాని సిగ్నల్ లేదు అని కోడ్ వచ్చింది. ఆ కోడ్ చెరిపే బటన్ నొక్కాడు. లైట్లు రెండూ ఆరిపోయాయి. "అయిపాయె సార్, 800 ఇవ్వండి." ఇచ్చాను. గేటు దాటి రోడ్డెక్కి రెండో గేరు వేసేసరికి రెండూ మళ్లీ వెలిగాయి. ఇలా మూడు సార్లు జరిగింది. మూడు సార్లూ 800 తీసుకున్నారు. ఇంట్లో ఫ్యూజు పోయిందని వచ్చినోడు దీపం ఊది పోయినట్టు.

అసలు ఆ మూడు సార్లలో ఒక్కసారైనా ఎవరైనా నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లైటు ఎప్పుడు వెలుగుతోంది? తాళం తిప్పగానే వెలిగి ఇక ఆరకపోతే ఫ్యూజో, తెగిన వైరో, లోపలి కంప్యూటరో అని అనుమానించాలి. తాళం తిప్పినప్పుడు మామూలుగా వెలిగి ఆరిపోయి, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక వెలిగితే కథ వేరు. వైర్లు చాలావరకు బాగానే ఉన్నాయి, చక్రం తిరుగుతున్న కబురే కంప్యూటర్‌కు అందడం లేదు. మలుపుల్లోనే వెలిగితే బేరింగ్ లూజో, స్టీరింగ్ తిప్పినప్పుడు వైరు లాగుతోందో చూడాలి. వాన పడినప్పుడే అయితే వైర్లను కలిపే కప్లర్‌లోకి నీళ్లు పోతున్నాయేమో చూడాలి. బ్యాటరీ నీరసించినా ఈ లైట్లన్నీ ఒకేసారి తిరునాళ్ల లైట్ల లాగా వెలుగుతాయి. దీనికి స్కానర్ అక్కర్లేదు, ఓనర్‌ను కూర్చోబెట్టి ఒక టీ తాగినంతసేపు మాట్లాడితే చాలు.

నాలుగోసారి పోతే సెన్సార్ మార్చాలన్నారు. ఎందుకయ్యా అంటే కోడ్‌లో సెన్సార్ అని ఉంది కదా సార్ అన్నారు. ఒకటి 7,800. రెండు వైపులా ఒకేసారి మార్చడం మంచిదని 15,600 బిల్లు వేశారు. కోడ్ చెరిపిన 2,400తో కలిపితే సరిగ్గా 18 వేలు. బండి గేటు దాటింది. రెండో గేరు. రెండు లైట్లు.

కోడ్ చెప్పేది ఏమిటంటే, ఫలానా వైపు నుంచి కబురు రాలేదని. అంతే. పోస్టుమ్యాన్ రాలేదంటే పోస్టుమ్యాన్ చచ్చిపోయాడని కాదు కదా. ఉత్తరం రాసినోడే రాయకపోయి ఉండొచ్చు, దారిలో వంతెన తెగి ఉండొచ్చు.

ఐదోసారికి మాట మారింది. ఏబీఎస్ యూనిట్ పోయిందట. 1,60,000. విదేశం నుంచి తెప్పించాలి, సగం డబ్బు ముందే కట్టాలి. నా ముఖం చూసి ఆ మేనేజర్ గొంతు తగ్గించి ఇంకో దారి చెప్పాడు. "అంత ఎందుకనుకుంటే ఆ లైటు వైరు కట్ చేసేస్తాం సార్. బ్రేకు ఎట్లా పడ్తాంది కదా."

ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఏబీఎస్ లైటు వెలిగిందంటే ఆ కంప్యూటర్ తనకు తాను సెలవు పెట్టుకుందని అర్థం. మామూలు బ్రేకు పడుతుంది, నిజమే. కానీ తడి రోడ్డు మీద గేదె అడ్డం వచ్చి గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఆ ఒక్క క్షణం కోసమే 1978లో బాష్ కంపెనీ చేసిన ఏబీఎస్‌ను మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో పెట్టారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. ఇక పసుపు లైటుకు తోడు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే చాలా బండ్లలో ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అని బ్రేకును పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి బొంగరమవుతుంది. నాలాంటి పొట్టి బండికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. దీని వైరు కోస్తానంటాడా!

వైరు కోసే బాపతు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో చాలానే ఉంది. పాత కారు కొనేవాళ్లు ఒక పని చేయండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పండి. ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగనే వెలగలేదంటే ఎవరో దాని నోరు నొక్కేశారు. కొందరు తెలివిగా దాన్ని పక్క లైటు వైరుకు కలిపేస్తారు. రెండూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతున్నాయంటే అనుమానించండి.

ఏప్రిల్ చివర్లో రాయచోటి నుంచి వస్తున్నాను. గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని ఘాట్ దిగడం మొదలుపెట్టాను. ఆ ఘాట్ సంగతి మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు, బ్రేకులు ఫెయిలైన లారీల కథలు ప్రతి మలుపుకూ ఒకటుంది. రెండో మలుపులో బ్రేకు తొక్కగానే ఎర్ర లైటు వెలిగింది. కాలు తీస్తే ఆరింది. మళ్లీ మలుపు, మళ్లీ బ్రేకు, మళ్లీ ఎరుపు. పక్క సీట్లో పాలకోవా పొట్లం, నా అరచేతుల్లో చెమట. సెకండ్ గేర్‌లోనే కిందికి దిగి, చింతకొమ్మదిన్నె దాకా ఊపిరి బిగబట్టుకున్నా.

మర్నాడు అదే షెడ్డులో బ్రేక్ ఆయిల్ తగ్గిందని పోసి పంపారు. ఎర్ర లైటు ఆరింది. "సూడండి సార్, చిన్న విషయం" అన్నాడు ఆ అబ్బాయి.

ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా వీధిలో ఒకాయన చెబితే దేవుని కడప రోడ్డులో వేపచెట్టు కింద షెడ్డున్న భాయ్ దగ్గరికి పోయాను. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు లారీలకు వైరింగ్ చేసేవాడు. స్కానర్ లేదు. బండి చూడలేదు, బానెట్ ఎత్తలేదు. బీడీ పక్కన పెట్టి మొట్టమొదట అడిగిన మాట, "ఈ లైటు రాకముందు బండికి ఏం పని చేయించినావన్నా?"

నోట్లో మాట రాలేదు నాకు. ఐదు నెలలు, ఐదు సార్లు, 18 వేలు. ఈ ప్రశ్నకు ఖర్చు సున్నా.

బేరింగ్ అని చెప్పాను. తలూపి, ఎవరి దగ్గరన్నా స్కానర్ ఇప్పించుకుని రమ్మన్నాడు. ఒక స్నేహితుడి దగ్గర తెచ్చాను. దాంట్లో కోడ్ పేజీ కాకుండా లైవ్ డేటా అని ఇంకో పేజీ ఉంటుంది, నాలుగు చక్రాల వేగం నాలుగు అంకెల్లో కనిపిస్తుంది. షెడ్డు స్కానర్‌లోనూ అది ఉంటుంది, వాళ్లు ఎప్పుడూ తెరవలేదు. నేను మెల్లగా నడుపుతుంటే భాయ్ పక్కన కూర్చుని కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చదివాడు. 12, 12, 12, సున్నా. "మూడు కాళ్లు నడుస్తాండాయి, ఒగటి నిలబడుకోని ఉంది" అన్నాడు.

ఎడమ సెన్సార్ తీసి కుడి వైపు పెట్టాడు. అయినా కుడి వైపు సున్నానే. అంటే సెన్సార్ కాదు. కప్లర్ దగ్గర నా మీటరు పెట్టి చూశాం, దాదాపు 12 ఓల్టులు. అంటే కరెంటు అందుతోంది. పాత రకం సెన్సార్ అయితే ఉత్త కాయిల్, వెయ్యి ఓమ్‌ల అటూ ఇటూ చూపిస్తే బాగున్నట్టు. ఈ కొత్త రకానికి కరెంటు ఇవ్వాలి. ముందు నుంచి అయస్కాంతం ముఖాలు పోతుంటే 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్లు అని మార్చి మార్చి తీసుకుంటుంది. దీనికి ఓమ్‌లు కొలిచి ఏదీ తేల్చలేం. ఆ అయస్కాంతాల రింగు ఎక్కడుంటుందంటే, ఇలాంటి బండ్లలో బేరింగ్ సీలు మీదే, ఒక పక్కన మాత్రమే.

భాయ్ ఒక గుండుసూదికి దారం కట్టాడు. ఎడమ చక్రం సెన్సార్ రంధ్రంలోకి జారవిడిస్తే సూది పోయి అంటుకుంది. కుడి రంధ్రంలో ఉత్తగా వేలాడింది. నావైపు చూశాడు. ఇద్దరం నవ్వలేదు.

లేత్ షాపుకు పోయి ప్రెస్ పెట్టి బేరింగ్ బయటికి తీయించాం. ఒక ముఖం మామూలు రేకు. ఇంకో ముఖం పాత క్యాసెట్ రిబ్బన్ రంగులో గోధుమగా ఉంది. దాని మీద పల్చటి కాగితం పరిచి లేత్ కింద రాలిన ఇనుప పొడి చిటికెడు చల్లాడు భాయ్. పొడి దువ్వెన పళ్లలా సన్న సన్న గీతలుగా లేచి నిలబడింది. ఆ ముఖం సెన్సార్ వైపు ఉండాలి. తిప్పి వేశారు. బేరింగ్ ఎటు వేసినా పడుతుంది, చక్రం తిరుగుతుంది, శబ్దం రాదు. లైటు ఒక్కటే నిజం చెబుతూ వచ్చింది, దాన్నేమో అందరూ కలిసి నోరు మూయించాలని చూశాం.

ప్రెస్ పెట్టి తీసిన బేరింగ్ మళ్లీ పనికిరాదు కాబట్టి కొత్తది 3,200 పెట్టి తెచ్చాను. ఈసారి వేసేటప్పుడు దగ్గరే నిలబడ్డాను.

ఎర్ర లైటు సంగతి భాయ్ ఒక్క మాటలో తేల్చాడు. "ఆయిల్ యాడికి పోతుందన్నా? కారితే కింద పడాల. కారకపోతే ప్యాడ్ అరిగి ఉండాల." చక్రం డిస్కును పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే కాలిపర్ పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. మలుపులో బ్రేకు వేస్తే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, లోపలి తేలుడు బిళ్ల కిందికి పోయి లైటు వెలుగుతుంది. చూస్తే ముందు ప్యాడ్లు 2 మిల్లీమీటర్లు మిగిలాయి. ఆయిల్ పోసి ఆర్పింది ఈ కబురునే. పైగా ఆ ఆయిల్ నల్లగా కాఫీలా ఉంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చి పీల్చి 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకులు కాలి ఆయిల్ మరిగితే పెడల్ నేలకు అంటుతుంది. ప్యాడ్లు, ఆయిల్ రెండూ మార్పించాను.

ఇంతసేపూ తిట్టాను కదా, ఒకటి ఒప్పుకోవాలి. గత ఏడాది ఒకావిడ ఇన్వర్టర్ తెస్తే, డిస్‌ప్లేలో వచ్చిన ఎర్రర్ నంబరు చూసి బోర్డు పోయిందమ్మా అని చెప్పి మార్చినోణ్ణి నేను. పాత బోర్డును మీటరు పెట్టి చూడలేదు. అది మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు. భాయ్ సూదికి దారం కడుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవిడే.

భాయ్ రెండు రోజుల పనికి 1,200 తీసుకున్నాడు. ఎక్కువ ఇవ్వబోతే కసిరాడు. మొన్న ఘాట్ ఎక్కి దిగాను, ఒక్క లైటూ వెలగలేదు. షెడ్డువాళ్లు తీసి ఇచ్చిన పాత సెన్సార్లు రెండూ భాయ్ ఎడమ వైపు పెట్టి చూశాడు, రెండింటికీ అంకెలు చక్కగా వచ్చాయి. ఇప్పుడవి నా కొట్టు గాజు బల్ల కింద ఉన్నాయి. మీదీ అదే బండి అయితే వచ్చి పట్టుకుపోండి, డబ్బులేం వద్దు.