కింద తవ్వి పైన కట్టిన నేపుల్స్

ఇటలీలోని నేపుల్స్ పాతబస్తీలో సందులు ఎంత ఇరుకో, ఇళ్లు అంత ఎత్తు. ఎందుకలా అంటే సాధారణంగా జనాభా లెక్కలు చెబుతారు. అసలు కారణం మాత్రం నేల కింద ఉంది.

క్రీస్తుపూర్వమే గ్రీకులు అక్కడి పసుపుపచ్చ టఫ్ రాయిని తవ్వడం మొదలుపెట్టారు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి అది. సులువుగా తెగుతుంది, బరువూ తక్కువ. తర్వాత రోమన్లు భూగర్భ కాలువలతో ఊరంతటికీ నీళ్లందించారు. 536లో బైజాంటైన్ సేనాని బెలిసారియస్ సైనికులు కోట గోడలు దాటలేక, ఎండిన కాలువ గుండానే ఊళ్లోకి దూరారు. తేలింది ఒంటరిగా బతికే ఓ పేదరాలి ఇంటి దగ్గర!

16వ శతాబ్దంలో స్పానిష్ పాలకులు గోడల బయట ఇళ్లు కట్టొద్దన్నారు. వచ్చే జనం ఆగలేదు. దాంతో ఇంటి కిందే తవ్వి, ఆ రాయితోనే పై అంతస్తు లేపారు. మిగిలిన గొయ్యి నీళ్ల తొట్టి అయింది, దాని మీద బావి. అంటే ఈ పేట తన కింది ఖాళీలోంచే పైకి లేచింది.

ఈ తొట్లను, వాటికి నీళ్లు తెచ్చే కాలువలను 'పొజ్జారీ' అనే పనివాళ్లు శుభ్రం చేసేవారు. గోడల్లో చెక్కిన గుంటల్లో కాళ్లు పెట్టి ఏ ఇంటి బావిలోంచైనా పైకి రాగలిగేవారు. ఇళ్లలో వస్తువులు మాయం చేసే పొట్టి సన్యాసి 'మునాచియెల్లో' కథ వీళ్ల వల్లే పుట్టిందంటారు. నాకైతే నమ్మబుద్ధవుతుంది.

1884లో కలరా విరుచుకుపడింది. మరుసటి ఏడాదే సెరీనో ఊటల నుంచి పైపుల్లో నీళ్లొచ్చాయి. ప్రాణాలు కాపాడిన మార్పే, కాదనలేం. కానీ మన ఊళ్లలో బోరు పడ్డాక బావి చెత్తకుండీ అయినట్టే అక్కడా జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల నుంచి జనం ఆ గుహల్లోనే తలదాచుకున్నారు. యుద్ధం ముగిశాక శిథిలాలూ వాటిలోకే పోశారు.

ఇప్పుడు పెద్ద వాన పడితే రోడ్డు కుంగుతోంది. దాన్ని ప్రకృతి మీదికి నెట్టడం తేలిక. పాత డ్రైనేజీ లీకేజీ కింది మట్టిని కోసేస్తుంటే ముందే పసిగట్టే పొజ్జారీలు లేరు. టికెట్ పెట్టి చూపించే కొన్ని గదులకు లైట్లున్నాయి, గైడ్లున్నారు. నా లెక్కలో ఆ టికెట్ల డబ్బులో మొదటి వాటా మిగతా గుహల్లోకి సర్వేయర్లను దింపడానికే పోవాలి.