కోడి ఈకతో ఈగ, ఈగతో చేప

వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో, స్కైలైన్ డ్రైవ్ మీద మిలామ్ గ్యాప్ దగ్గర కారు ఆపి రెండు మైళ్ళు అడవిలోకి దిగితే మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే రెండు వాగులు కలుస్తాయి. అక్కణ్ణించి ఆ నీళ్ళ పేరు రాపిడాన్. పేరుకి నది. చూడ్డానికి మన పంటకాలువంత కూడా ఉండదు. బండలు, బండల మధ్య మోకాలి లోతు మడుగులు.

మొన్న జులైలో ఓ శనివారం మా ఆయన ఫ్లై రాడ్ అనే గాలపు కర్ర పట్టుకుని బయల్దేరారు. పాలకొల్లు నుంచి వచ్చిన వాళ్ళ బాబాయిగారు, అంటే నాకు చిన్నమావయ్యగారు, "ఇక్కడ చేపలెలా పడతారో చూస్తాను" అని వెంట వచ్చారు. చిన్నప్పుడు ఆయన బడి ఎగ్గొట్టి కాలువగట్టున గాలం వేసిన మనిషి. నేను పులిహోర డబ్బాతో ఓ బండ మీద కూర్చున్నాను.

మొదటి చేపతోనే గొడవ మొదలైంది. ఆరంగుళాల బ్రూక్ ట్రౌట్. వీపు మీద మెలికలు మెలికల గీతలు, పక్కల ఎర్రచుక్కలు, చుక్కల చుట్టూ నీలం వలయాలు, కింది రెక్కల అంచున సున్నంతో గీసినట్టు తెల్లగీత. మా ఆయన చేతులు తడుపుకుని, చేపని నీళ్ళల్లోనే ఉంచి గాలం తీసి, వదిలేశారు.

మావయ్యగారు: అదేంట్రా, వదిలేశావ్?

మా ఆయన: ఇక్కడంతే బాబాయ్. రాపిడాన్‌లో పట్టింది పట్టినట్టు వదిలెయ్యాలి. ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదు.

మావయ్యగారు: అసలు తినని చేపని పట్టడం దేనికి? ఆకలేసి పట్టేవాడికో న్యాయం ఉంది. అమ్ముకునేవాడికో న్యాయం ఉంది. నీ సరదాకి దాని నోట్లో ఇనుము దించడం ఏం న్యాయం? పైగా మోసం. నా గాలానికి కనీసం వానపామన్నా ఉండేది, చేప తప్పించుకుంటే దానికో ముద్ద దక్కేది. నువ్వు పెట్టేది కోడి ఈక.

మా ఆయన: కోడి మెడ ఈకే. దారంతో గాలానికి చుడతాం, నీళ్ళ మీద తేలుతూ ఈగలా కనిపిస్తుంది. వానపాము పెడితే చేప గుటుక్కున మింగేస్తుంది, గాలం గొంతులో దిగుతుంది. ఇదైతే పెదవికే తగులుతుంది. గాలం కొసన వెనక్కి తిరిగిన ముల్లుని కూడా నొక్కేశాను, చూడండి. వేలితో ఇలా అంటే వచ్చేస్తుంది.

మావయ్యగారు: మా ఊళ్ళో అలాంటి కోడిని పందేనికి దింపుతారు. ఇక్కడ ఈకలు పీకి చేపల్ని మోసం చేస్తారు. ఏ దేశమైనా కోడికి సుఖం లేదు.

(ఇక్కడ కాసేపు వాదన ఆగింది. మావయ్యగారికి ఆ గాలం విసరడం మీద ఆసక్తి కలిగింది. గింజంత బరువు కూడా లేని ఈగ అంత దూరం ఎలా వెళ్తుందని అడిగారు. మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కెళ్తుంది, ఇందులో దారమే బరువు, అదే ఈగని మోసుకెళ్తుంది అని మా ఆయన చెప్పారు. తలమీద కొమ్మలు అడ్డం కాబట్టి వెనక్కి ఊపే చోటు లేదు. ఈగని వేళ్ళతో పట్టుకుని, రాడ్‌ని విల్లులా వంచి వదిలారు. అది బండ పక్కనున్న అరచేతంత నీళ్ళల్లో సరిగ్గా పడింది. "భలే" అని నోరు జారారు మావయ్యగారు. వెంటనే సర్దుకున్నారు.)

మావయ్యగారు: విద్య బాగుంది. విద్య బాగుంటే పని మంచిదైపోదు.

మా ఆయన: 1929లో హెర్బర్ట్ హూవర్ ఈ దేశానికి అధ్యక్షుడై ఇదిగో ఈ వాగుల పక్కనే క్యాంపు కట్టించుకున్నాడు. వాషింగ్టన్‌కి వంద మైళ్ళలోపు ఉండాలి, దోమలు చేరకుండా 2,500 అడుగుల ఎత్తుండాలి, ట్రౌట్ ఉన్న వాగుండాలి అన్నాడు. అంత పని ఒత్తిడిలో మనసు కుదుటపడ్డానికి...

మావయ్యగారు: 1929 అంటే మార్కెట్ కుప్పకూలిన ఏడాదే కదూ? చేపలు పడుతూ కూర్చున్నాడన్నమాట.

(మా ఆయన హూవర్‌ని మళ్ళీ ఎత్తలేదు.)

మా ఆయన: సరే, పులస మాటేమిటి? పుస్తెలమ్మైనా పులస తినాలని తిన్నాం కదా. ఇప్పుడు గోదావరిలో ఎంత దొరుకుతోంది?

మావయ్యగారు: పులస గాలాలకి తగ్గిందట్రా? ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం వచ్చింది, వలల కన్ను చిన్నదైపోయింది, నీళ్ళు పాడయ్యాయి. మరి ఇక్కడి చేప ఎందుకు తగ్గింది? గాలాలకా?

మా ఆయన: (కాస్త ఆగి) ఎక్కువ భాగం కాదు. అడవులు నరికారు. పడమటి తీరం నుంచి రెయిన్‌బో ట్రౌట్‌ని, యూరప్ నుంచి బ్రౌన్ ట్రౌట్‌ని తెచ్చి వదిలారు. ఈ వాగుల్లో అసలు సొంత ట్రౌట్ ఇదొక్కటే, దాన్ని పై వాగుల్లోకి తరిమేశాయవి. బొగ్గు పొగ ఆమ్లవర్షమై పడింది. హెమ్లాక్ చెట్లని పురుగు చంపేసింది, నీడ పోయింది.

మావయ్యగారు: అంటే తప్పు గాలానిది కాదు. మరి వదిలేసి నువ్వు ఉద్ధరించిందేమిటి?

మా ఆయన: అన్ని దెబ్బలు తిన్న చేప మీద ఇంకో దెబ్బ వేయకుండా ఉండటం. ఇంత చిన్న వాగులో ఇవి మూడు నాలుగేళ్ళకి మించి బతకడం అరుదు. శరదృతువులో గులకరాళ్ళలో గుడ్లు పెట్టేవి ఈ ఆరేడంగుళాలవే. ఆదివారానికో పదిమంది తలా నాలుగు పులుసు పెట్టుకుంటే మడుగు ఖాళీ. ఇంకో మాట. 1987 నుంచి వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ కొండవాగుల్లో ఆమ్లం ఎంతుందో కొలుస్తున్నారు. వందల వాగుల నుంచి సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చేవాళ్ళలో చాలామంది నాలాంటి ఫ్లై ఫిషింగ్ పిచ్చివాళ్ళే. ఇక్కడికి దక్షిణాన సెయింట్ మేరీస్ అని ఓ వాగుంది. ఆమ్లం విరగడానికి 1999లో హెలికాప్టర్‌తో సున్నపురాయి పొడి పోశారు. చేప మీద మోజున్నవాడే వాగు మీద కన్నేసి ఉంచుతాడు బాబాయ్.

(నేను మధ్యలో ఓ పుల్ల వేశాను. స్విట్జర్లాండులో, వదిలేద్దామన్న ఉద్దేశంతో చేపని పట్టడం చట్టమే ఒప్పుకోదు అన్నాను. మా ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.)

మావయ్యగారు: చూశావా! సున్నం పొయ్యి, నీళ్ళు పట్టు, కాదన్నానా? గాలం లేకుండా చెయ్యి అవన్నీ. దానికి నొప్పి లేదని మాత్రం చెప్పకు.

మా ఆయన: చెప్పను. ట్రౌట్ ముఖం మీద నొప్పిని గుర్తించే నరాలున్నాయని స్కాట్లాండులో 2003లోనే చూపించారు. 1992లో కెనడాలో ఇంకో ప్రయోగం చేశారు. రెయిన్‌బో ట్రౌట్‌ని అలిసిపోయేదాకా తరిమితే వందకి 12 చచ్చాయి. ఆపైన అర నిమిషం గాల్లో ఉంచితే 38. నిమిషం ఉంచితే 72. అందుకే నేను చేపని నీళ్ళలోంచి పైకి ఎత్తను, ఫొటో తీయను.

మావయ్యగారు: (నెమ్మదిగా) 72 చచ్చాయా... ఫొటో కోసం.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పులిహోర అయిపోయింది. ఒంటిగంట దాటాక మా ఆయన దారానికి కట్టిన థర్మామీటర్‌ని నీళ్ళలో ముంచి చూసి, రాడ్ విప్పడం మొదలుపెట్టారు.

మావయ్యగారు: ఏమైంది? ఇప్పుడే కదా విసరడం కుదిరింది.

మా ఆయన: పొద్దున 61 ఫారెన్‌హీట్ ఉంది, ఇప్పుడు 68. మన లెక్కలో 20 డిగ్రీలు. నీళ్ళు వేడెక్కితే వాటికి ప్రాణవాయువు చాలదు. ఇప్పుడు పట్టి వదిలినా తేరుకోలేవు.

మావయ్యగారు: అంటే పొద్దున కూడా దాన్ని బాధపెడుతున్నానని తెలిసే పట్టావు. ఎంత బాధ తట్టుకుంటుందో లెక్కేసుకున్నావు, అంతే.

మా ఆయన: ...అంతే బాబాయ్.

ఆ జవాబు మావయ్యగారు ఊహించలేదనుకుంటాను. "ఆ గొట్టం ఇలా ఇయ్యి" అని థర్మామీటర్ తీసుకుని, పంచె పైకి కట్టి, ఎగువన కొండ పగుల్లోంచి ఊట దిగుతున్న చోటికి వెళ్ళారు. కాసేపటికి అరిచారు.

మావయ్యగారు: ఇక్కడ 59 ఉందిరా! రాడ్ పట్రా, గుంపుగా ఉన్నాయి!

మా ఆయన: అక్కడ అస్సలు వెయ్యకూడదు. వేడికి తట్టుకోలేక తలదాచుకోడానికే ఊట దగ్గరికి చేరతాయవి.

మావయ్యగారు తల ఊపారు గానీ కదల్లేదు. నీడ నీళ్ళమీద పడకుండా బండ వెనక్కి ఒదిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి చూస్తున్నారు. మేం సామాను సర్దుకుని పిలిచాం. వేలెత్తి ఉండమన్నారు.

"ఆరు," అన్నారు మెల్లగా. కాసేపాగి, "కాదు, ఏడు. ఆ రాయి కింద ఇంకోటుంది."