సవరణ: హాక్‌వుడ్‌ది కంచు విగ్రహం కాదు

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో పుట్టి, ఇటలీలో కిరాయి సైన్యాలు నడిపిన జాన్ హాక్‌వుడ్ గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో ఆయన కంచు విగ్రహం ఉందన్నాను. లేదు. అక్కడున్నది 1436లో చిత్రకారుడు పావ్‌లో ఉచ్చెల్లో గోడ మీద వేసిన బొమ్మ. గుర్రం, రౌతు, కింద పీఠం, అన్నీ రంగులే. లోహపు విగ్రహమని భ్రమ కలిగేలా ఆకుపచ్చ మట్టిరంగుతో వేశాడు. ఫొటో చూసి నేనూ ఆ భ్రమలోనే పడ్డాను. నిజానికి ఆయన బతికుండగానే పాలరాతి సమాధి కట్టిస్తామని ఫ్లోరెన్స్ మాటిచ్చింది. 1394లో ఆయన పోయాక అది కట్టనే లేదు. రంగులతో సరిపెట్టేశారు!

రెండోది కాస్త పెద్ద తప్పు. 1377లో ఇటలీ పట్టణం చెసేనాలో పోప్ సైన్యం జనాన్ని ఊచకోత కోసిన నాటికి ఆయన ఫ్లోరెన్స్ కొలువులో ఉన్నాడని రాశాను. అప్పటికి ఆయన పోప్ పక్షాన ఉన్నాడు. ఫ్లోరెన్స్ ఆ పోప్‌తోనే యుద్ధం చేస్తోంది. ఆ సైన్యం మీద పెత్తనం పోప్ ప్రతినిధి, జెనీవా రాబర్ట్‌ది. హాక్‌వుడ్ ఫ్లోరెన్స్ వైపు మారింది ఆ తర్వాతే, అదే ఏడాది. అంతమాత్రాన ఆ రక్తంలో ఆయన వాటా పోదు, కత్తులు ఆయన మనుషులవి కూడా.

పాత పోస్టులో ఈ రెండు చోట్లా సరిదిద్దాను.