దీపావళికే దిగిపోయిన శాంటా

విశాఖలో క్రిస్మస్ ఎప్పుడు మొదలవుతుందో చర్చి క్యాలెండరు చూసి తెలుసుకుందామనుకునేవాళ్ళు అమాయకులు. చూడాల్సింది పెద్ద హోటళ్ళ కేక్ మిక్సింగ్ ముహూర్తం. ఊరింకా చిచ్చుబుడ్ల పొగకి దగ్గుతుండగానే ఆ మహాక్రతువు కాస్తా అయిపోతుంది.

పొడుగాటి బల్ల మీద కిస్‌మిస్, జీడిపప్పు, చెర్రీ, టూటీఫ్రూటీ గుట్టలు. చుట్టూ నగర ప్రముఖులు, నెత్తిన కాగితం టోపీలు, చేతులకి ప్లాస్టిక్ తొడుగులు. సీసాలకి సీసాలు రమ్ము ఒంపుతారు. ముఖ్య అతిథిగారు ఓడకి జెండా ఊపుతున్నంత గంభీరంగా గుప్పెడు కిస్‌మిస్ ఎత్తి వదులుతారు. ఫొటో సరిగా రాలేదట, మళ్ళీ ఎత్తుతారు. పక్కనున్నావిడ గరిటె లాక్కుంటారు. అయిదు నిమిషాల్లో అందరూ పకోడీల దగ్గరుంటారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. వంటింటి కుర్రాళ్ళు వచ్చి ఆ పళ్ళన్నీ పొడి డబ్బాల్లోకెత్తి, మునిగేదాకా రమ్ము పోసి, మూత బిగించి, వారానికోసారి తిరగేస్తారు. నీటిచుక్క పడితే బూజే.

మాటకి మాట, ముందుగా మొదలెట్టాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. పళ్ళు నాలుగైదు వారాలు నానితేనే కేకుకి రుచి. కాబట్టి నానబెట్టుకోండి, మూతేసి అటకెక్కించండి, నోరు మూసుకోండి.

మిగతా వాటికి లెక్కుంది. నవంబరు 30కి దగ్గర్లో వచ్చే ఆదివారం ఆగమనకాలం, అంటే క్రిస్మస్‌కి సిద్ధపడే కాలం, మొదలవుతుంది. నవంబరు 27కి ముందు రాదు, డిసెంబరు 3 దాటదు. 2022లో 27నే వచ్చింది, 2023లో 3న. ఆ నాలుగు వారాలూ ఎదురుచూపే. చర్చిలో గురువుగారి వస్త్రాలు ఊదారంగువి. జ్ఞానాపురం కెథెడ్రల్లోనే ఆగుతుంటే, జగదాంబ సెంటర్లో బట్టల షాపుకి ఏం ముంచుకొచ్చిందో! దసరాకి భోగిమంట వేస్తే ఊరుకుంటామా?

సముద్రం కూడా ఊరుకోదు. అక్టోబరు, నవంబరు మనకి వాయుగుండాల నెలలు. వెదురు బద్దల నక్షత్రాన్ని అప్పుడే డాబా మీద కడితే రెండు వానలకి మైదా జిగురు ఊడి, రంగు కాగితం గోడకి అంటుకుంటుంది. ఉప్పుగాలికి హోల్డరు చిలుము పడుతుంది. యేసు పుట్టుకని చూపే పశువుల పాక బొమ్మకీ అంతే. దాని ముందు పచ్చికకని పళ్ళెంలో గోధుమలు చల్లితే వారం పది రోజుల్లో బెత్తెడు లేస్తాయి, ఆ తర్వాత వాలిపోతాయి. డిసెంబరు 15 దాటాక చల్లండి. బాలయేసుని 24 అర్ధరాత్రి దాకా పెట్టకండి.

పండుగకి ముందే బళ్ళలో చేసే సెమీ క్రిస్మస్‌ని ఏమీ అనను. 25న బడికి సెలవు, పిల్లలకి ముందే చెయ్యాలి.

కానీ నవంబరు మిట్టమధ్యాహ్నం షాపు ముందు నిలబెట్టిన ఆ శాంటా కుర్రాడి మాటేమిటి? ఒంటినిండా మందపాటి ఎర్రగుడ్డ, పొట్టకి కట్టిన దిండు, మూతికి దూది గడ్డం. ఉక్కకి గడ్డం కిందికి లాక్కుని నీళ్ళు తాగబోతే లోపల్నుంచి సూపర్‌వైజరు కేక. సిగ్గులేదూ? ఏసీలో కూర్చుని పండుగ అమ్ముకునేవాడు ఒక్క గంట ఆ దిండు కట్టుకుని నిలబడమనండి!

ఇంత ఆత్రపడ్డవాళ్ళు పండుగ వచ్చాక నిలుస్తారా? బాలయేసుని చూడ్డానికి ముగ్గురు జ్ఞానులొచ్చేది జనవరి 6న. వీళ్ళకి డిసెంబరు 26 పొద్దున్నే చెట్టు మూడు ముక్కలై అట్టపెట్టెలో ఉంటుంది, గుమ్మానికి సంక్రాంతి ఆఫర్ల బ్యానరు ఉంటుంది. ఆ కుర్రాడికి ఈసారి హరిదాసు వేషం.