మాక్రో మన దగ్గరే ఉండాలి, స్టైల్ ఫైల్‌తో వెళ్లాలి

రిపోర్టు మర్నాడు పొద్దున ఇవ్వాలి. 62 టేబుళ్లు, పాతిక దాకా చార్టులు. ఆరుగురు విడివిడిగా రాసిన ముక్కల్ని ఒకే వర్డ్ ఫైల్‌లో అతికించారు కాబట్టి ఒక టేబుల్‌కి నల్ల గీతలు, ఇంకోదానికి నీలం హెడ్డింగు, మరోదానికి అసలు గీతలే లేవు, ఒకటైతే మార్జిన్ దాటి పేజీ బయటికి నడిచిపోయింది. రాత్రి పది దాటాక నేను చేసింది అలాంటి టైములో చాలామంది చేసేదే. ఒక టేబుల్‌ని చేత్తో సరిచేస్తూ మాక్రో (మనం చేసిన పనుల్ని రాసుకుని, అడిగినప్పుడల్లా మళ్లీ చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం) రికార్డ్ చేశాను, దాన్ని మిగతా 61 మీద తిప్పే లూప్ ఒకటి నెట్‌లో దొరికితే తెచ్చి కలిపాను, రన్ కొట్టాను. అర నిమిషంలో అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా అయిపోయాయి. సేవ్ చేసి హాయిగా పడుకున్నాను.

పొద్దున ప్రింట్ తీశాక తెలిసింది. ప్రతి టేబుల్‌లో చివరి వరుస బోల్డ్‌లో, బూడిద రంగు మీద, దర్జాగా నిలబడి ఉంది. నేను రికార్డ్ చేసిన టేబుల్‌లో చివరి వరుస నిజంగానే ‘మొత్తం’. మిగతావాటిలో సగానికి పైగా మొత్తం అనే వరుసే లేదు. అక్షరక్రమంలో చివర వచ్చిన పేరేదో అది రాత్రికి రాత్రి మొత్తంగా ప్రమోషన్ కొట్టేసింది.

గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారే, అదే. కాకపోతే ఎద్దుని చేలోకి తోలింది నేనే.

అప్పట్నుంచీ ఈ విషయం మీద నాకో అభిప్రాయం గట్టిపడింది. మాక్రో వాడొద్దని కాదు, నేను రోజూ వాడతాను. కానీ టేబుళ్లకీ చార్టులకీ మనం రాసుకునే మాక్రోల్లో ఎక్కువ భాగం స్టైల్ (గీతలు, రంగులు, సైజులు ఒక పేరు కింద ఫైల్‌లోనే దాచుకునే పద్ధతి) చేయాల్సిన పనిని చేస్తున్నాయి. టేబుల్ ఎలా కనిపించాలి అన్నది ఫైల్‌లోనే స్టైల్‌గా ఉండాలి. ఏ టేబుల్‌కి ఆ స్టైల్ తగిలించాలి అన్న చాకిరీ ఒక్కటే మాక్రోది. ఈ రెండూ కలిసిపోయిన చోటే గొడవలన్నీ మొదలవుతాయి.

ముందు రికార్డర్ సంగతి. ఎక్సెల్‌లోకి మాక్రోలు రాసే భాష వీబీఏ 1993లో ఐదో వెర్షన్‌తో వచ్చింది, వర్డ్‌లోకి 97 వెర్షన్‌తో. అప్పట్నుంచీ ఇప్పటిదాకా రికార్డర్ గుణం మాత్రం మారలేదు. మనం ఏం చేశామో రాసుకుంటుంది, ఎందుకు చేశామో దానికి తెలియదు. వర్డ్‌లో ఫాంట్ డైలాగ్ తెరిచి సైజు ఒక్కటి మార్చి ఓకే కొట్టండి, రికార్డ్ అయిన కోడ్‌లో ఆ డైలాగ్‌లో ఉన్నవన్నీ, రంగు, అండర్‌లైన్, అక్షరాల మధ్య ఎడంతో సహా, వరసపెట్టి దిగుతాయి. ఆ మాక్రోని ఎర్ర అక్షరాలున్న టేబుల్ మీద నడిపితే ఎరుపు కాస్తా పోతుంది, ఎందుకు పోయిందో గంటసేపు వెతుక్కోవాలి. ఎక్సెల్‌లో ఇంకో రకం. ఈ నెల డేటా పన్నెండు వరుసలుంటే ఏ1 నుంచి ఎఫ్12 దాకా అని రాసుకుంటుంది, వచ్చే నెల పదిహేను వరుసలొస్తే కింది మూడూ అనాథలే. నిజానికి అక్కడ మాక్రోనే అక్కర్లేదు. కంట్రోల్ టీ కొట్టి ఆ డేటాని ఎక్సెల్ టేబుల్‌గా మార్చి ఒక టేబుల్ స్టైల్ ఇస్తే, కింద కొత్త వరుస టైప్ చేయగానే ఫార్మాటింగ్ దానంతటదే వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం మన అలవాటు. (చార్టుల విషయంలో ఎక్సెల్ 2007 రికార్డర్ మరీ ఘోరం. చార్టు ఫార్మాట్ చేస్తూ రికార్డ్ చేస్తే కోడే వచ్చేది కాదు. 2010లో గానీ బాగుపడలేదు.)

ఇప్పుడు స్టైల్ మాట. గీత మందం ఇంత, హెడ్డింగు రంగు ఇది, సెల్ లోపల ఎడం ఇంత అని మాక్రోలో పాతిక లైన్లు రాశామనుకోండి. అవన్నీ 62 టేబుళ్లలో విడివిడిగా అచ్చయిపోతాయి. వారం తర్వాత పై అధికారి వచ్చి ‘నీలం బాలేదు, ఆకుపచ్చ పెడదాం’ అంటే మళ్లీ మాక్రో తెరవాలి, రంగు మార్చాలి, మొత్తం నడపాలి. ఈలోగా ఎవరైనా రెండు టేబుళ్లలో చేత్తో మార్పులు చేసి ఉంటే అవి గాల్లో కలిసిపోతాయి. అదే రంగు టేబుల్ స్టైల్‌లో ఉంటే ఒక్కచోట మారిస్తే చాలు, 62 చోట్లా మారుతుంది, మాక్రోని తట్టిలేపే పనే లేదు. అప్పుడు మాక్రోలో మిగిలేది ఐదారు లైన్లు: ఈ స్టైల్ పెట్టు, హెడ్డింగు వరుస ప్రతి పేజీలో మళ్లీ రావాలి, వరుస మధ్యలో విరిగి రెండో పేజీకి పోకూడదు, వెడల్పు పేజీకి సరిపోవాలి. అంతే.

వర్డ్ టేబుల్ స్టైల్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి, పైగా చిరాకు తెప్పించేవే. టేబుల్ స్టైల్‌లో అక్షరాల సైజు 9 అని పెట్టినా, ఫైల్‌లో నార్మల్ స్టైల్ సైజుని ముందే ఎవరో మార్చి ఉంటే చాలాసార్లు నార్మల్ మాటే నెగ్గుతుంది. అందుకే గీతలూ రంగులూ టేబుల్ స్టైల్‌కి వదిలేసి, లోపలి అక్షరాల కోసం విడిగా ఒక పేరాగ్రాఫ్ స్టైల్ పెట్టుకోవడం మేలు. మాక్రో రెండూ తగిలిస్తుంది, ఒక లైను ఎక్కువ, అంతే కదా.

తెలుగులో పని చేసేవాళ్లకి ఇక్కడ ఇంకో గుంట ఉంది. మాక్రోలో ఫాంట్ సైజు 9 అని రాసి నడిపితే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చిన్నవవుతాయి, తెలుగు మాత్రం కదలదు. వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ (గుణింతాలు, ఒత్తులు కలిసి రూపం మారే లిపి) లెక్కలో వేస్తుంది, దాని సైజు, బోల్డ్, ఫాంట్ పేరు అన్నీ వేరే ఖాతాలో ఉంటాయి. కోడ్‌లో సైజ్ అని ఉన్నచోట సైజ్‌బీఐ అని ఇంకో లైను, బోల్డ్‌కి బోల్డ్‌బీఐ అని మరో లైను రాయాలి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లోనూ ఇదే తంతు, పేర్లే వేరు. పేరాగ్రాఫ్ స్టైల్‌లో ఈ రెండు ఖాతాలూ ఒకసారి సరిచేసి పెట్టుకుంటే మాక్రోకి ఈ బెడదే ఉండదు.

సరే, నా మొత్తం వరుస దగ్గరికి వద్దాం, అసలు కథ అక్కడే ఉంది. వర్డ్‌లో టేబుల్ డిజైన్ కింద టోటల్ రో అని ఒక టిక్ ఉంటుంది. స్టైల్‌లో మొత్తం వరుసకి విడిగా ఫార్మాట్ పెట్టుకుంటే, ఆ టిక్ ఉన్న టేబుల్‌కే అది పడుతుంది. కాబట్టి మాక్రో చేయాల్సింది చిన్న పరీక్షే: చివరి వరుసలో మొదటి గడిలో ‘మొత్తం’ అని ఉందా? ఉంటే టిక్ పెట్టు, లేకపోతే తీసెయ్. రాయడానికి రెండు లైన్లు. నాకు పట్టింది ఒక సాయంత్రం.

మొదటి దెబ్బ ఎడిటర్ దగ్గరే తగిలింది. వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ (తెలుగులాంటి లిపులన్నిటికీ అక్షరానికో సంఖ్య ఇచ్చే పద్ధతి) రాదు, కొటేషన్లలో ‘మొత్తం’ అని అతికిస్తే ఆరు ప్రశ్నార్థకాలు కనిపించాయి. ఆరెందుకంటే కంటికి రెండక్షరాల్లా కనిపించే ఆ మాట కంప్యూటర్ లెక్కలో ఆరు ముక్కలు: మ, ఒత్వం, త, పొల్లు, మళ్లీ త, సున్నా. వాటిని సంఖ్యల్లో చెప్పాలి: 3118, 3146, 3108, 3149, 3108, 3074. ఒక్కో సంఖ్యనీ క్యారెక్టర్ డబ్ల్యూ అనే ఫంక్షన్‌లో పెట్టి ఆరింటినీ గుచ్చితే ‘మొత్తం’ తయారవుతుంది. అయినా పరీక్ష పాసవదు! మాట అదే, కంటికి ఏ తేడా లేదు, మాక్రో మాత్రం కాదు పొమ్మంటుంది. పొడవు చూపించమంటే ఎనిమిది అంది. ఆ రెండూ ఎక్కడివి? వర్డ్ ప్రతి గడి చివరా కంటికి కనపడని ముగింపు గుర్తు పెడుతుంది, గడిలో ఉన్న మాట చదివితే దాంతోపాటు 13, 7 అనే రెండు క్యారెక్టర్లు తోకలా వస్తాయి. ఆ తోక కోసేస్తే గానీ పోలిక కుదరదు. ఇవి తెలిశాక చిన్నవే, తెలియనప్పుడు మాత్రం జుట్టు పీక్కోవాల్సిందే.

ఆ తర్వాత కలిపేసిన గడులు. పై నుంచి కిందికి రెండు గడుల్ని కలిపిన టేబుల్ ఎదురైతే వర్డ్ 5991 నంబరు ఎర్రర్ ఇచ్చి, ఇందులో వరుసల్ని విడిగా ముట్టుకోలేను అని ఆగిపోతుంది. గడుల వెడల్పులు రకరకాలుగా ఉంటే నిలువు వరుసల విషయంలో 5992. నెట్‌లో దొరికే మాక్రోలు, ఈమధ్య ఏఐ రాసిచ్చేవి కూడా, దీనికి చూపే మందు తరచూ ఒక్కటే: మొదట్లో ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అని రాసేయడం. అంటే తప్పొస్తే నోరు మూసుకుని ముందుకెళ్లు అని. ఫార్మాటింగ్ మాక్రోలో నాకు నచ్చని లైను ఏదైనా ఉందంటే అదే. మాక్రో ఆగిపోతే మనకి తెలుస్తుంది, వెళ్లి చూస్తాం. ఆగకుండా పోతే 62లో ఏడు సగం సగం మారి ఉంటాయి, అవేవో మనకి తెలియదు, చదివేవాడికి తెలుస్తుంది. వాడుకోవాల్సిన చోటు ఉండదని కాదు, కానీ ఒక్క లైను కోసం ఆన్ చేసి వెంటనే ఆఫ్ చేయాలి, ఆ టేబుల్ నంబరు ఎక్కడైనా రాసిపెట్టాలి. అన్‌డూ ఉందిలే అనుకోవడం కూడా ప్రమాదమే. ఎక్సెల్‌లో మాక్రో మార్పులు చేశాక అంతకుముందు మనం చేసినవాటికి కూడా అన్‌డూ పోతుంది. వర్డ్‌లో ఉంటుంది గానీ మాక్రో వేసిన ప్రతి అడుగునీ విడిగా వెనక్కి తీయాలి. వాటన్నిటినీ ఒక మూటగా కట్టే సౌకర్యం 2010 నుంచీ ఉన్నా, దాన్ని మాక్రో రాసేవాడే గుర్తుపెట్టుకుని పెట్టాలి. కాపీ తీసుకుని దాని మీద నడపడమే సుఖం.

చార్టులు ఇంకో లోకం. ఫాంటు, లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పట్టీ) ఎక్కడుండాలి, వెనకాల గీతలు ఉండాలా వద్దా, వీటన్నిటికీ చార్ట్ టెంప్లేట్ అనేది ఎప్పట్నుంచో ఉంది. ఒక చార్టుని నచ్చినట్టు చేసి టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మాక్రో ఒక్క లైనుతో మిగతావాటికి పెట్టేయగలదు. రంగులు మాత్రం నేరుగా అంకెల్లో ఇవ్వకుండా థీమ్ (ఫైల్ మొత్తానికీ ఒకేచోట ఉండే రంగుల జత) రంగులుగా ఇస్తే మంచిది, థీమ్ మారితే చార్టులూ టేబుళ్లూ కలిసే మారతాయి. చార్టుని బొమ్మగా అతికించినవాళ్లకి మాత్రం ఏ మాక్రో సాయం చేయలేదు, దానికి అది ఫొటోనే.

కానీ మాక్రో చేతికి అస్సలు ఇవ్వకూడనిది అక్షం కొలత. విలువలు 94, 95, 96 అని దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా పైనెక్కడో మొదలుపెడుతుంది, దాంతో ఒక స్తంభం ఇంకోదానికి రెండింతలున్నట్టు కనిపిస్తుంది. స్తంభాల చార్టుకి అది తప్పుదారే, కాబట్టి అన్నిటికీ సున్నా నుంచి మొదలెట్టు అని మాక్రోలో రాస్తాం. అదే మాక్రో లైన్ చార్టు మీద పడితే అసలు చూపించాల్సిన చిన్న మార్పు గీత గీసినట్టు చదునైపోతుంది. గుండ్రంగా ముక్కలు చేసిన పై (pie) చార్టు మీద పడితే అక్షమే లేదని ఎర్రర్. ఆరు విభాగాలకి ఆరు చార్టులుంటే ఇంకో తలనొప్పి. ఒకదాని విలువలు 50 లోపు, ఇంకోదానివి 500 దాకా. వదిలేస్తే రెండూ ఒకే ఎత్తు కనిపిస్తాయి, అన్నిటికీ ఒకే గరిష్ఠం పెడితే 50 ఉన్నది చీమంత అవుతుంది. ఏది సరి? చదివేవాడు వాటిని ఒకదానితో ఒకటి పోల్చుకోవాలా, విడివిడిగా చూడాలా అన్నదాన్ని బట్టి. ఆ జవాబు డేటాలో ఉండదు, మాక్రోకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మాక్రో ఎక్కడ ఉండాలన్నది. చాలామంది దాన్ని డాక్యుమెంట్‌లోనే పెట్టి పంపిస్తారు. 1995లో కాన్సెప్ట్ అనే వర్డ్ మాక్రో వైరస్ తిరిగింది, 1999 మార్చిలో మెలిస్సా వచ్చి అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో మొదటి 50 మందికి తనను తానే మెయిల్ చేసుకుంది. ఆఫీస్ 2007 నుంచి మాక్రో ఉన్న ఫైలుకి ఎక్స్‌టెన్షనే వేరు, మామూలు డాక్స్ (.docx) ఫైల్లో మాక్రో నిలవదు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోల్ని ముందే ఆపేయడం మొదలుపెట్టింది, మధ్యలో కొన్నాళ్లు వెనక్కి తగ్గి మళ్లీ అమలు చేసింది. అప్పుడు చాలామంది తిట్టుకున్నారు గానీ నాకది సబబుగానే అనిపించింది. ఎవరో పంపిన రిపోర్టు తెరవడానికి నేను వాళ్ల ప్రోగ్రాం నడపాలా? మాక్రో మీద మరీ ఆనుకుంటే ఏమవుతుందో మ్యాక్ వాళ్లు ఇంతకుముందే చూశారు. ఆఫీస్ 2008లో వీబీఏ తీసేశారు, 2011లో తిరిగి పెట్టారు, మధ్యలో ఉన్నవాళ్ల మాక్రోలు ఊరికే పడున్నాయి. బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో ఇప్పటికీ వీబీఏ నడవదు, అక్కడ ఆఫీస్ స్క్రిప్ట్స్ అనే వేరే పద్ధతి. స్టైల్‌కి ఈ బాధ లేదు, ఫైల్ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తుంది. లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అక్కడక్కడా చెదురుతుందేమో గానీ వార్నింగ్ బార్ చూపించి ఎవర్నీ టెన్షన్ పెట్టదు. అందుకే మాక్రో మన మెషీన్‌లో, వర్డ్‌కైతే సొంత టెంప్లేట్‌లో, ఎక్సెల్‌కైతే పర్సనల్ వర్క్‌బుక్‌లో ఉంటే చాలు. అవతలివాళ్లకి పంపేది ఫలితాన్నే.

ఇప్పుడు నేను వాడే మాక్రో నలభై లైన్లు దాటదు. స్టైల్స్ తగిలిస్తుంది, తోక కోసి మొత్తం వరుస చూస్తుంది, గడులు కలిపిన టేబుల్ గానీ, మొత్తం అని రాయకుండా చివర్లో అంకెలు మాత్రమే ఉన్న వరుస గానీ కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా పక్కన ఒక కామెంట్ పెట్టి వెళ్లిపోతుంది. మొన్నటి ఫైల్‌లో 48 టేబుళ్లకి తొమ్మిది కామెంట్లు పెట్టింది. తొమ్మిదీ చూడ్డానికి ఇరవై నిమిషాలు పట్టింది, అందులో ఒకదాంట్లో రాసినవాళ్లు వేసిన కూడికే తప్పు.