పరీక్ష అట్ట గిటారు: ఏకసభ్య కమిషన్ మధ్యంతర నివేదిక

మా ఇంట్లో మూడు నెలలుగా ఒక విషయం నలుగుతోంది. మా అమ్మాయికి గిటారు కావాలి. ఇందులో గొడవేమీ లేదు. డానెలెక్ట్రో అనే పాత అమెరికన్ బ్రాండుదే కావాలంది. అందులోనూ గొడవ లేదు, ఐదువందల డాలర్లకు అటూ ఇటూగా కొత్తది వస్తుంది, కొనిచ్చేస్తే పోయేది. కానీ ఆదివారం భోజనానికి వచ్చిన మా బావమరిది పప్పులో నెయ్యి వేసుకుంటూ, "బావా, అది పేరుకే అమెరికన్. చేసేది కొరియాలోనో చైనాలోనో. కొంటే ఒరిజినల్ కొను, లేకపోతే మానెయ్" అన్నాడు.

ఆ నెయ్యి ఇంకా కరగలేదు.

మనవాళ్లలో ఏ విషయమైనా తేలకుండా ఉండాలంటే ఒక మంచి ఉపాయం ఉంది, కమిషన్ వేయడం. నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాను. పరిశీలించాల్సింది ఒక్కటే. మూతపడి మళ్లీ లేచిన ఒక అమెరికన్ గిటారు బ్రాండు పేరుతో, పై దేశంలో తయారై ఓడలో వచ్చే సరుకు కొనదగినదా, కాదా? గడువు నెల రోజులు. ఇప్పటికి రెండుసార్లు పొడిగించుకున్నాను.

కమిషన్ కార్యాలయం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా బేస్‌మెంటులో, బియ్యం బస్తాల పక్కన ఉంది. డానెలెక్ట్రో గిటార్లు పుట్టిన రెడ్ బ్యాంక్ అనే ఊరు ఇక్కడికి కారులో గంటలోపు దారి. 1947లో నేథన్ డేనియల్ అనే ఆయన ఈ కంపెనీ పెట్టాడు. మొదట ఆంప్లిఫయర్లు, 1954 నుంచి గిటార్లు. చాలా సరుకు సియర్స్ కంపెనీకి వెళ్లేది. వాళ్లు దాని మీద 'సిల్వర్‌టోన్' అని తమ పేరు వేసి కేటలాగు ద్వారా ఊరూరా అమ్మేవాళ్లు. అంటే ఒరిజినల్ డానెలెక్ట్రోల్లో బోలెడన్నిటి మీద డానెలెక్ట్రో అన్న పేరే ఉండదు. ఇప్పుడు కొరియా నుంచి వచ్చేవాటి మీద మాత్రం పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఈ అంశాన్ని కమిషన్ రికార్డు చేసుకుంది, అర్థం మాత్రం చేసుకోలేదు.

తర్వాత ఒరిజినల్‌ను విప్పి చూశాం, కాగితం మీదే లెండి. బావమరిది దగ్గర 1960ల నాటిది ఒకటుంది, కానీ దాన్ని ముట్టుకోనివ్వడు. పైనా కిందా పలకలు మేసనైట్‌వి. మేసనైట్ అంటే మునులు నీడన కూర్చున్న మహావృక్షం అనుకునేరు. పదో తరగతి పరీక్షలకు క్లిప్పు పెట్టుకుని తీసుకెళ్లామే, ఆ అట్ట! చెక్క ముక్కల్ని ఆవిరి ఒత్తిడితో పీచుపీచు చేసి, మళ్లీ గట్టిగా నొక్కి పలకలు తీస్తారు. 1920ల్లో మిసిసిపీలో దీన్ని కనిపెట్టిన విలియం మేసన్, థామస్ ఎడిసన్‌కు మిత్రుడు. మా ఊరికి ఉన్నది ఆ ఎడిసన్ పేరే. ఇది తెలిశాక కమిషన్‌కు కాస్త ఊరి అభిమానం పుట్టుకొచ్చిన మాట నిజం. ఇక గిటారు లోపల చవక కర్రతో ఒక చట్రం, మిగతాదంతా డొల్ల. పక్కన అట్ట అంచులు బయటపడకుండా రెగ్జిన్ లాంటి షీటు చుట్టేశారు.

తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌ల సంగతి ఇంకా గొప్పది. అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ, ఈ రెంటినీ పెట్టడానికి లోహపు తొడుగు ఒకటి కావాలి. తొడుగు చేయిస్తే ఖర్చు. లిప్‌స్టిక్ గొట్టాలు చవగ్గా దొరికితే డేనియల్ వాటినే తెచ్చి, లోపల ఇవి దూర్చి, మూత పెట్టేశాడు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పనే. అయితే అందులోంచి వచ్చిన గలగలమనే పల్చటి మోత జనానికి పట్టేసింది. ఇవాళ 'లిప్‌స్టిక్ పికప్' అంటే గిటారు లోకంలో ఒక గౌరవ పదం.

బావమరిది వాంగ్మూలం ఇక్కడే మొదలైంది. "ఒరిజినల్‌లో ఉన్నది నిజం లిప్‌స్టిక్ గొట్టం బావా! ఇప్పటివి లిప్‌స్టిక్ గొట్టంలా కనపడేట్టు గిటారు కోసం ప్రత్యేకంగా చేయించినవి."

కమిషన్ ఈ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకుంది. పెదాల రంగు కోసం చేసిన గొట్టం గిటారులో ఉంటే అది అసలుది. గిటారు కోసమే చేసిన గొట్టం గిటారులో ఉంటే అది నకిలీ. సాక్షి మాట మీద గట్టిగా నిలబడ్డాడు.

తర్వాత శ్రుతి. "శ్రుతిర్మాతా లయః పితా" అని చిన్నప్పుడు సంగీతం మాస్టారు మాతో వల్లె వేయించేవారు. శ్రుతి తప్పితే గుమ్మం బయట నిలబెట్టేవారు. ఒరిజినల్ డానెలెక్ట్రోలో ఆరు తీగలూ ఆనేది ఒకే ఒక్క రోజ్‌వుడ్ పుల్ల మీద. ఒక్కో తీగకూ విడిగా సర్దుకునే ఏర్పాటు లేదు, కాబట్టి కింది మెట్ల మీద సరిపోయిన శ్రుతి పై మెట్లకు వెళ్లేసరికి కొద్దిగా పక్కకు జరుగుతుంది. మెడలో బిగించిన ఉక్కు కడ్డీలను సర్దే వీలూ లేదు. ఇప్పుడు సముద్రం దాటి వస్తున్న చాలా మోడళ్లలో మెడ వంపును తాళంతో సరిచేసుకోవచ్చు. కొన్నిటిలో ఆరు తీగలకు ఆరు వేరువేరు ఆధారాలు కూడా ఇస్తున్నారు. ఇది మెరుగే కదా అని కమిషన్ అడిగితే, సాక్షి ముఖం చిట్లించి, "ఆ కాస్త తేడాయే దాని ప్రాణం బావా" అన్నాడు. ప్రాణం అనేది పన్నెండో మెట్టు పైన ఉంటుందని కమిషన్‌కు అప్పటిదాకా తెలియదు. మా మాస్టారికీ తెలిసుండదు. తెలిస్తే నన్ను గుమ్మం బయట కాకుండా వేదిక మీద కూర్చోబెట్టేవారు.

అక్కడితో ఆగితే బావమరిది ఎందుకవుతాడు? "బొబ్బిలి వీణ బొబ్బిలిలోనే చెయ్యాలి కదా? కొరియాలో చేస్తే ఊరుకుంటావా?" అని ఉత్తరాంధ్ర వాణ్ణి ఉత్తరాంధ్ర అస్త్రంతోనే కొట్టాడు. ఇది బరువైన వాదన. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేస్తారు, ఆ చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. కమిషన్ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తట్టింది. బొబ్బిలి వీణ అక్కడి చెయ్యి లేకపోతే రాదు. డేనియల్ తన గిటారును అసలు తలపెట్టిందే గొప్ప చెయ్యీ గొప్ప చెట్టూ లేకుండా పని జరిగేట్టు. రెడ్ బ్యాంక్ నీళ్లు తాగితే తప్ప పరీక్ష అట్ట మోగదని ఆయన ఎక్కడా అనుకున్నట్టు లేదు. పిల్లవాడి చేతికి అందే ధరలో మోగే గిటారు ఇవ్వాలనుకున్నాడు, ఇచ్చాడు. 1962లో సియర్స్ కేటలాగులో వచ్చిన సెట్టుకు గిటారు పెట్టెలోనే ఆంప్లిఫయరూ స్పీకరూ బిగించేసి ఉండేవి. పెట్టె తెరిచి, వైరు గుచ్చి, వాయించుకోవడమే. అంతా కలిపి 70 డాలర్లలోపు. ఆ లెక్కన డేనియల్‌కు అసలు వారసుడు ఎవరు, అల్మరాలో తాళం వేసిన బావమరిది గిటారా, కంటెయినర్లో వచ్చిన కొరియా గిటారా? కమిషన్ దీనిపై నోరు విప్పదలచుకోలేదు. ఆదివారాలు భోజనాలు ఉన్నాయి.

రెండో సాక్షి మా అమ్మాయి. పేరుమోసిన రాక్ గిటారిస్టుల్నే సాక్ష్యంగా తెచ్చింది. జెర్రీ గార్సియాకు పదిహేనో పుట్టినరోజుకు అకార్డియన్ ఇస్తే, అది వద్దని గోలచేసి డానెలెక్ట్రోగా మార్పించుకున్నాడట. జిమీ హెండ్రిక్స్ తొలినాళ్లలో వాయించినవాటిలోనూ ఒకటుంది. జిమ్మీ పేజ్ కోటీశ్వరుడయ్యాక కూడా ఈ అట్ట గిటారును వేదిక మీదికి తెచ్చాడు. "వాళ్లింట్లో ఎవరూ కమిషన్ వెయ్యలేదు నాన్నా" అని ముగించింది. ఈ చివరి వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించాం.

చరిత్ర మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1966లో డేనియల్ కంపెనీని ఎంసీఏ అనే వినోద సంస్థకు అమ్మేశాడు. 1969కల్లా ఫ్యాక్టరీ మూతపడింది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1990ల చివర్లో, ఎవెట్స్ అనే కాలిఫోర్నియా కంపెనీ ఆ పేరు తీసుకుని పాత నమూనాలను కొరియాలో చేయించడం మొదలెట్టింది. యజమాని పేరు స్టీవ్. ఇంగ్లిషులో ఆ పేరును వెనక నుంచి చదివితే ఎవెట్స్. పాతదాన్ని తిరగేసి అమ్ముతున్నామని ఇంతకంటే నిజాయితీగా ఎవరు చెబుతారు? వీళ్లే గిటారు మోతను మార్చే చిన్నచిన్న ఎఫెక్ట్ పెడల్స్ కూడా తెచ్చి, వాటికి టిఫిన్ సెంటర్ బోర్డులా పేర్లు పెట్టారు. ట్యూనా మెల్ట్ అంటే ట్రెమలో, అంటే మోతను హెచ్చించి తగ్గించేది; చికెన్ సలాడ్ అంటే వైబ్రాటో, అంటే శ్రుతిని ఊపేది. శాకాహారి అయిన బావమరిది వీటిని కాలితో కూడా తాకడు. పెడల్‌ను తాకేది కాలితోనే మరి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఒకటి కమిషన్ దృష్టికి వచ్చింది. షికాగో హార్మనీ కంపెనీ ఒకప్పుడు సియర్స్ కోసం కూడా లక్షల్లో చవక గిటార్లు చేసి పోసింది. 2018లో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ ఆ పేరును లేపి, మిషిగన్‌లోని కలమజూలో, అమెరికాలోనే చేయించింది. ధర వెయ్యి డాలర్లు దాటింది. డబ్బు సింగపూర్‌ది, పని అమెరికాది, పేరు ఒకప్పటి బీదవాడిది, ధర ఇప్పటి డాక్టరు గారిది. ఇది దిగుమతా, స్వదేశీయా? బావమరిదిని అడిగితే ఫోను చూసుకున్నాడు.

ఈలోగా కమిషన్ నిష్పాక్షికత మీదే మా అమ్మాయి అభ్యంతరం లేవనెత్తింది. కమిషన్ తయారైంది విజయనగరం జిల్లాలో. బిగింపు పనులు అమీర్‌పేటలో జరిగాయి. ఇక్కడికి వచ్చింది హెచ్-1బీ మీద. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, మా బేస్‌మెంటులో టెన్షన్ పడుతూ రాత్రంతా టీవీ చూసినవాళ్లలో బావమరిది ముందు వరసలో ఉన్నాడు. "అమెరికాలో చేసిందైతేనే అసలుది" అన్న సూత్రం ఆ రాత్రి అతని నోట ఒక్కసారీ రాలేదు. అభ్యంతరాన్ని కమిషన్ తోసిపుచ్చింది. గిటారుకు గ్రీన్‌కార్డు క్యూ ఉండదు కాబట్టి రెండూ ఒకటి కావని తీర్పు.

నిజానికి ఒక్క విషయంలో బావమరిదిది పైచెయ్యే. కొన్నదాన్ని ఇరవై ఏళ్లు దాచి లాభానికి అమ్ముకుందామనుకునేవాడు కొత్తది కొనకూడదు. పాతవి మంచి స్థితిలో ఉంటే వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటేశాయి. వాయించుకుందామనుకునేవాడికి మాత్రం కొత్తది చాలు, ఇంకా చెప్పాలంటే అదే నయం. ఈ మేరకు ముసాయిదా రాసి, సంతకం పెట్టబోతుండగా కొరియర్ వచ్చింది.

మా అమ్మాయి ఎదురుచూసి విసిగిపోయి, వేసవంతా పక్కింటి పిల్లల్ని చూసుకున్న బేబీ సిట్టింగ్ డబ్బుతో వాడిన 'బేబీ సితార్' ఒకటి తెప్పించుకుంది. అదీ డానెలెక్ట్రోయే. 1967లో ఆ కంపెనీ విన్నీ బెల్ అనే గిటారు కళాకారుడితో కలిసి ఎలక్ట్రిక్ సితార్ తెచ్చింది. సితార్ నేర్చుకునే ఓపిక లేని గిటారిస్టులకు సితార్ మోత కావాలి కనుక, తీగలు జుమ్మనేలా, అవి ఆనే చోట బల్లపరుపు బ్రిడ్జి పెట్టి, గిటారుకే ఆ వేషం కట్టారు. అప్పటి పాప్ పాటల్లో అది తెగ మోగింది. దానికి వారసురాలే ఈ బేబీ. అంటే మన దేశపు వాద్యానికి న్యూజెర్సీలో చేసిన నకలుకు, సముద్రం దాటి వచ్చిన నకలు. ఒరిజినల్ ఎక్కడుందో చెప్పడానికి బావమరిది నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు.

ఆ సాయంత్రం అమ్మాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని, విజయనగరంలో ఉన్న మా అమ్మకు వీడియో కాల్‌లో వాయించి చూపించింది. సొరకాయ బుర్రలాంటి పొట్ట, జుమ్మనే నాదం. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని మురిసిపోయింది.

"బాగుందే తల్లీ. బొబ్బిలిదేనా?"

కమిషన్ గడువు మరో మూడు నెలలు పొడిగించడమైనది.