గంజాయి సంగతి సరే, మందు కల్లు మాటేంటి?

సర్పంచ్ ఎన్నికల్లో ఒక అభ్యర్థి గంజాయిని లీగల్ చేయిస్తానని తిరుగుతున్నాడని ఎవరో రాస్తే చదివి నవ్వొచ్చింది. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో పార్లమెంటు చేసింది, పంచాయతీ తీర్మానంతో మారుతుందా? కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు పడొచ్చు, 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు. ఆయన గెలిచినా వేయించగలిగేది వీధి దీపాలే.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. ఇక్కడ అసలైన మత్తు ఉన్నది కల్లు సీసాలో. ఊళ్లో ఈత చెట్లు ఎన్ని మిగిలాయి, పొద్దున దుకాణానికి ఎన్ని సీసాలు దిగుతున్నాయి? లెక్క ఎక్కడైనా కుదురుతుందా? తక్కువైన కల్లుకి బదులు కలిపేది అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులు, మందు కల్లు అంటే అదే. అల్ప్రాజోలం కూడా అదే చట్టం కిందికి వస్తుంది, 100 గ్రాములు దాటితే అదే పదేళ్లు.

2015లో దాడులు జరిగి మందు కల్లు ఆగినప్పుడు, అలవాటైన ఆ మందు అందక మా పెదనాయన మూడు రాత్రులు నిద్రపోలేదు. గ్లాసు పట్టుకుంటే చేయి వణికి నీళ్లన్నీ చొక్కా మీదే. గోడ వైపు తిరిగి ఎవరితోనో గొడవ పెట్టుకునేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే వరండా నిండా అలాంటివాళ్లే.

మా ఊళ్లో పోటీలో ఉన్న ముగ్గురిలో ఒక్కరూ దీని మీద నోరు విప్పరు. ఒకాయన ప్రచారం రోజూ ఆగేది ఆ దుకాణం ముందరే, సీసాలు ఆయన ఖాతాలో. (గౌడన్నల మీద కోపం కాదు. చెట్టెక్కి దించిన అసలు కల్లు దొరికితే నేనూ తాగుతా.)